కొండవాలులో కాపురమా? చరియ విరగకముందే చేసుకోవాల్సిన పనులు, దశలవారీగా

2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో, సున్నపుబట్టీల సెంటర్ దగ్గర, కొండ మీది నుంచి బండరాళ్లు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాడే బుడమేరు ఊరిని ముంచెత్తడంతో ఆ సంగతి వార్తల్లో వెనక్కి వెళ్లిపోయింది. దానికి దాదాపు నెల ముందు, జులై 30 తెల్లవారకముందే, కేరళ వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్లు బురద కింద కలిసిపోయాయి. రెండు చోట్లా పడిన తీరు వేరు. కానీ రెండిటినీ దించింది నీళ్లే. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. కొండవాలులో ఇల్లున్నవాళ్లు కొండను ఆపలేరు గానీ, నీళ్లు ఎటు పోవాలో చాలావరకు చెప్పగలరు.

ఇది హిమాలయాల గొడవ, మనకెందుకు అనుకుంటే పొరపాటు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ లెక్క ప్రకారం దేశంలో మంచు కప్పని నేలలో 12.6 శాతం, అంటే సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు, చరియలు విరిగే ముప్పులో ఉంది. అందులో 10 వేల చదరపు కిలోమీటర్లు తూర్పు కనుమల్లోని మన అరకు ప్రాంతానిదే. విశాఖ, విజయవాడ కొండల మీద మెట్ల వరసల్లో కట్టుకున్న ఇళ్ల సంగతి సరేసరి.

ముందుగా: మీ కొండ ఏ రకంగా జారుతుంది?

జాగ్రత్తలు కొండను బట్టి మారతాయి కాబట్టి మొదట ఇది తెలుసుకోవాలి.

తిరుమల కొండ గట్టి రాయి. క్వార్ట్‌జైట్ అంటారు. రాయి గట్టిదే గానీ నిలువునా అడ్డంగా పగుళ్లుంటాయి. ఆ పగుళ్లలోకి వాన నీరు దిగుతుంది, చెట్ల వేళ్లు దూరతాయి, ఒకనాడు బండ ఊడి పడుతుంది. 2021 నవంబరు వానల తర్వాత, డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద పడ్డది అలాంటి బండలే. ఇలాంటి చోట ముందస్తు సూచన తక్కువ. పైన బండ ఎక్కడ వేలాడుతోందో చూసుకోవడమే దారి.

విశాఖ, అరకు, విజయవాడ కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖొండలైట్. ఒడిశా, ఆంధ్ర సరిహద్దు కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే ఈ రాయికి పెట్టారు. కొత్తగా పగలగొడితే గట్టిగానే ఉంటుంది. వేల ఏళ్లు ఎండకూ వానకూ నానితే మాత్రం లోపలి ఖనిజాలు బంకమట్టిగా మారి, ఎర్రటి మెత్తటి మట్టి అవుతుంది. పైన మట్టి, కింద రాయి, మధ్యలో నీరు. పొర పొరంతా జారిపోతుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో బొర్రా గుహలు, చిమిడిపల్లి దగ్గర వానాకాలంలో పట్టాల మీదికి వచ్చే మట్టీ రాళ్లూ ఇవే. మట్టిలో కూరుకుపోయిన పెద్ద గుండ్రాళ్లు ఉన్న కొండ ఇంకా ప్రమాదం. చుట్టూ మట్టి కొట్టుకుపోతే రాయికి ఆసరా పోతుంది.

మూడోది బురద ప్రవాహం. పైనెక్కడో చరియ జారి వాగులో పడి, నీళ్లతో కలిసి, దారిలో ఉన్న రాళ్లూ చెట్లూ లాక్కుని గంటకు 50 కిలోమీటర్లు దాటిన వేగంతో కూడా రాగలదు. వయనాడ్‌లో జరిగింది ఇదే. చరియ పుట్టిన చోటికీ ఊళ్లకూ మధ్య కిలోమీటర్ల దూరం ఉంది. ఏజెన్సీలో గెడ్డ, అంటే కొండవాగు, ఒడ్డున ఉన్న ఊరికి పక్కనే కొండ లేదని నిశ్చింతగా ఉండకూడదు. ఆ గెడ్డ ఏ కొండ నుంచి వస్తోందో చూడాలి.

నీరు ఇదంతా ఎలా చేస్తుందో చిన్నప్పుడు పిచ్చుకగూళ్లు కట్టినవాళ్లందరికీ తెలుసు. పొడి ఇసుక పాదం మీద నిలవదు. కాస్త తడిపితే గూడు చక్కగా నిలబడుతుంది. దాని మీద ఇంకో చెంబు నీళ్లు పోస్తే ఒక్కసారిగా కూలుతుంది. కొండ మట్టీ అంతే. కొద్ది తడి రేణువుల్ని పట్టి ఉంచుతుంది. తడి నిండిపోయాక నీటి ఒత్తిడి రేణువుల్ని విడదీస్తుంది. పైగా బరువు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు రెండు టన్నుల దాకా తూగుతుంది.

1. ఎండాకాలంలో ఒక పూట ఇల్లు చుట్టి రండి

మే నెలలో ఒక ఉదయం చాలు. మీటరు కర్ర, మేస్త్రీలు వాడే రసమట్టం, దారానికి కట్టిన చిన్న రాయి, టేపు తీసుకోండి. కర్ర ఒక కొస వాలుకు ఆనించి, రెండో కొస పల్లం వైపు గాలిలో ఉంచి, రసమట్టంతో కర్రను సమంగా పట్టుకోండి. గాలిలో ఉన్న కొస నుంచి రాయి కట్టిన దారం నేల దాకా వదిలి ఆ పొడవు కొలవండి. 36 సెంటీమీటర్లు వస్తే వాలు 20 డిగ్రీలు. 58 వస్తే 30 డిగ్రీలు. 100 వస్తే 45. మట్టి కొండ 30 డిగ్రీలు దాటి ఉంటే ఈ మార్గదర్శిలో ఏ దశనూ వదలకండి. 20 దాటినా, ఇంటి కోసం కొండను నిలువుగా కోసి ఉంటే, అంతే జాగ్రత్త కావాలి.

తర్వాత పగుళ్లు. ఇంటి గోడ పగుళ్ల కంటే ముందు ఇంటి పైన, వాలు మీద, నేలలో చూడండి. నెలవంకలా వంపు తిరిగిన పగులు కనిపిస్తే, దాని కింది మట్టి అప్పటికే కదిలిందన్నమాట. పగులుకు చెరో పక్కా ఒక ఇనప మేకు పాతి, రెండు మేకుల మధ్య దూరం కొలిచి, తేదీతో సహా గోడ మీద రాసి పెట్టుకోండి. వానాకాలంలో రోజూ ఒకే వేళకు కొలవండి. దూరం రోజు రోజుకూ పెరుగుతోందంటే, అది మిల్లీమీటర్లలోనే అయినా, ఆ ఇంట్లో రాత్రి పడుకోవద్దు. పగుల్ని బంకమట్టితో కూరి, పైన టార్పాలిన్ కప్పండి. ఇది మరమ్మతు కాదు, నీరు లోపలికి దిగకుండా తాత్కాలికంగా మూసే మూత మాత్రమే.

ఒకవైపుకే ఒరిగిన కరెంటు స్తంభాలు, మొదట్లో వంగి పైకి నిటారుగా పెరిగిన చెట్లు, నిన్నటి దాకా బాగా పడిన తలుపు ఇవాళ పట్టేయడం, గోడకీ నేలకీ మధ్య కొత్తగా సందు రావడం, ఇవన్నీ కొండ నెమ్మదిగా దిగుతోందని చెప్పే గుర్తులు. ఎన్నడూ లేని చోట ఊట కనిపిస్తే ఆ ఒక్కదాన్నీ అన్నిటికంటే సీరియస్‌గా తీసుకోండి.

2. నీటికి దారి చూపండి

డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 9,300 లీటర్లు. రెండు ట్యాంకర్ల నీళ్లు. అవి డాబా గొట్టంలోంచి నేరుగా ఇంటి వెనక మట్టి మీద పడుతుంటే, మీరే స్వయంగా రెండు ట్యాంకర్లు తెచ్చి వాలులో గుమ్మరించినట్టు.

కాబట్టి డాబా గొట్టాన్ని పొడిగించి సిమెంటు కాలువలోకో, మెట్ల పక్క డ్రైన్‌లోకో కలపండి. ఇంటికి పైన, వాలుకు అడ్డంగా, ఒక కాలువ తీయించండి. అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్నా చాలామటుకు ఆదుకుంటుంది. పై నుంచి వచ్చే నీటిని ఇంటి వెనక్కి రానివ్వకుండా పక్కకు తిప్పడమే దాని పని. అయితే కాలువ అడుగున సిమెంటు లేకపోతే అదే నీటిని లోపలికి ఇంకించే తొట్టి అవుతుంది. పక్కకు తిప్పిన నీరు పొరుగింటి గోడ మీద పడకుండా చూడాలి. ఈ పని ఒక్క ఇల్లు చేస్తే తగాదా, వీధంతా కలిసి చేస్తే పరిష్కారం. మెట్ల వరసలో పై ఇంటివాళ్లనీ కింది ఇంటివాళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడుకోకుండా పార పట్టుకోవద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంకుడు గుంత మైదానంలో మంచిది. కొండవాలులో, ముఖ్యంగా ఇంటి పైవైపు, తవ్వొద్దు. నీటిని కొండ పొట్టలోకి పంపే పని అది. స్నానాల నీరు, గిన్నెలు కడిగిన నీరు, సెప్టిక్ ట్యాంకు నుంచి ఊరే నీరు కూడా అంతే. అవి 365 రోజులూ దిగుతూనే ఉంటాయి. వానాకాలం వచ్చేసరికి మట్టి అప్పటికే సగం నానిపోయి ఉంటుంది. కారే కుళాయి పైపు కనిపిస్తే నీటి వృథా అని ఊరుకోకండి. కొండవాలులో అది ఇంటి భద్రత విషయం. వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

3. గోడ కట్టారా, దాని వెనక నీళ్లు బయటికొస్తున్నాయా?

మా పెద్దమ్మ వాళ్లది విశాఖలో కొండవాలు ఇల్లు. వెనక మనిషి ఎత్తున రాతి గోడ ఉంది. ఒక ఏడు వానాకాలం మొదట్లో ఆ గోడ మధ్యలో పొట్ట వచ్చినట్టు ఉబ్బింది. వెనక గది ఖాళీ చేయించి మేస్త్రిని పిలిచాం. ఆయన గోడంతా చేత్తో తడిమి చూశాడు.

"ఈ కన్నాలు ఎవులు మూసీసినారమ్మా?"

"నేనే మూయించీసినాను బాబూ, వాకిలంతా ఎర్రనీళ్లు కారిపోతన్నాయని."

"ఆ నీళ్లు బయటకి కారినంత కాలమే గోడ ఉంటాదమ్మా."

ఆయన గోడకు ఎదురుగా నిలబడకుండా పక్క నుంచి, చివరన ఉన్న ఒక కన్నంలో సిమెంటు తీసి, ఇనప చువ్వతో నెమ్మదిగా పొడిచాడు. మొదట బురద, తర్వాత ధార. కింద పెట్టిన బకెట్ నిండి పొర్లింది, రెండోదీ నిండింది. ఎర్రగా, టీ డికాషన్‌లా ఉన్నాయి నీళ్లు. అన్నాళ్లూ గోడ మట్టితో పాటు ఆ నీటినీ మోసిందన్నమాట. ఆ గోడ తర్వాత విప్పి మళ్లీ కట్టించాల్సి వచ్చింది.

కొత్తగా కట్టించేవాళ్లు మేస్త్రికి ఇవి ముందే చెప్పండి. గోడలో ప్రతి మీటరున్నర దూరానికి ఒక 3 లేదా 4 అంగుళాల పీవీసీ గొట్టం, బయటికి కాస్త వాలుగా, వరస వరసకీ స్థానం మార్చి పెట్టాలి. గొట్టం లోపలి కొసకు జాలీ ఉండాలి. గోడ వెనక మట్టి నేరుగా తగలకూడదు. అడుగు మందాన కంకర నింపి, ఆ తర్వాతే మట్టి. పునాది గట్టి నేల దాకా పోవాలి, నింపిన మట్టి మీద నిలబెట్టకూడదు. మనిషి ఎత్తు దాటే గోడకు స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క లేకుండా ఇటుక కూడా పెట్టించవద్దు. మేస్త్రి ఎంత అనుభవజ్ఞుడైనా ఆ లెక్క ఆయన పని కాదు.

డబ్బు అంతగా లేని చోట, స్థలం ఉంటే, ఇనప తీగ వల బుట్టల్లో రాళ్లు నింపి పేర్చే గాబియన్ గోడ మంచిది. రాళ్ల సందుల్లోంచి నీరు దానంతటదే పోతుంది, నేల కొద్దిగా కదిలినా సర్దుకుంటుంది. బండలు ఊడే కొండకు గోడ కంటే ఉక్కు వల నయం. అది మాత్రం ఇంటివాళ్ల వల్ల అయ్యే ఖర్చు కాదు, మునిసిపాలిటీ చేయాల్సిన పని. వేలాడే బండను మీరే గడ్డపారతో దించే ప్రయత్నం చేయొద్దు.

4. కొండ కాళ్లు నరకొద్దు

ఒక గది పెంచుకుందామని వెనక కొండను నిలువుగా కోయడం మన దగ్గర మామూలు అయిపోయింది. పై మట్టి మొత్తాన్ని మోస్తున్నది ఆ కింది భాగమే. అప్పటికే కోసేసి ఉంటే, కోత ఎత్తు ఎంతో కనీసం అంత దూరం లోపల ఎవరూ పడుకోకుండా గదులు మార్చుకోండి. మంచాలు వీధివైపు గదిలోకి తెచ్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

బోడి వాలు మీద వట్టివేరు గడ్డి నాటండి. వేళ్లు అడ్డంగా కాకుండా నిలువుగా రెండు మూడు మీటర్లు దిగుతాయి. వాలుకు అడ్డంగా వరసలు, వరసలో జానెడు దూరానికి ఒక పిలక, తొలకరికి నాటితే తర్వాతి ఏటికి కంచెలా దట్టంగా అవుతుంది. దానికీ ఒక హద్దు ఉంది. పై మట్టి కొట్టుకుపోకుండా గడ్డి ఆపుతుంది, ఐదారు మీటర్ల లోతున జారే చరియను ఆపలేదు. నిటారు కోత అంచున బరువైన పెద్ద చెట్లు పెంచకండి. ఉన్న అడవిని మాత్రం నరకొద్దు. నరికిన చెట్టు వేళ్లు కుళ్లడానికి కొన్నేళ్లు పడుతుంది, పట్టు పోయేది అప్పుడు. అందుకే చెట్లు కొట్టేసిన తర్వాత నాలుగైదేళ్లకు జారిన కొండను చూసి జనం కారణం వెతుక్కుంటారు.

5. వానను మీరే కొలవండి

నిలువు అంచులున్న డబ్బా ఏదైనా సరే, డాబా మీద చెట్టు నీడ పడని చోట పెట్టి, ఉదయం 8.30కి స్కేలుతో కొలిచి పారబోయండి. వాతావరణ శాఖ రోజు లెక్క కూడా 8.30 నుంచి 8.30 దాకానే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ.

ఒక్కరోజు అంకె కన్నా వరసగా పడ్డ వాన ముఖ్యం. వయనాడ్‌లో మొదటి 24 గంటల్లో 200, తర్వాతి 24 గంటల్లో 372, మొత్తం 572 మిల్లీమీటర్లు పడ్డాయని అప్పట్లో ఆ రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. నేను మావాళ్లకు చెప్పే గీత ఇది: రెండు మూడు రోజులుగా ముసురు పట్టి ఉండగా, ఒక రోజు డబ్బాలో 100 మిల్లీమీటర్లు కనిపిస్తే సంచి సర్దుకోవాలి. ఇది శాస్త్రవేత్తలు మీ కొండకు కట్టిన లెక్క కాదు, జాగ్రత్త కోసం పెట్టుకున్న గీత. కొండ బలహీనంగా ఉంటే ఇంకా కిందికి దించుకోండి. వీటితో పాటు భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2024 జులైలో తెచ్చిన, చరియల సమాచారం ఇచ్చే భూస్ఖలన్ యాప్ ఫోన్‌లో పెట్టుకోండి.

6. సాయంత్రం ఐదింటికే తేల్చుకోండి

వయనాడ్, 2023లో మహారాష్ట్ర ఇర్షాల్‌వాడి, 2020లో కేరళ పెట్టిముడి. మూడూ జనం పడుకున్నాక చీకట్లో జరిగినవే. రాత్రి ఒంటిగంటకు వానలో, కరెంటు లేకుండా, మెట్ల మీద ముసలివాళ్లను దించడం ఎవరివల్లా కాదు. అందుకే ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. ముసురు రోజుల్లో సాయంత్రం 5 గంటలకు డబ్బా చూడాలి, మేకుల మధ్య దూరం కొలవాలి, ఊట చూడాలి. అనుమానం ఉంటే చీకటి పడకముందే బయల్దేరాలి. ఎక్కడికి వెళ్లాలో ముందే మాట్లాడి ఉంచుకోండి. "ఈ వానలకు రెండు రాత్రులు మీ ఇంట్లో పడుకుంటాం వదినా" అని జూన్‌లోనే అడిగితే ఆగస్టులో మొహమాటం ఉండదు. మొహమాటంతో ఆగిపోయేవాళ్లు చాలామంది. ఈ మాట తేలిగ్గా తీసుకోకండి.

సంచిలో టార్చి, మందులు, ఇంటి పత్రాలు, ఆధార్, బ్యాంకు పుస్తకాల నకళ్లు, పవర్ బ్యాంక్, ఒక జత బట్టలు. గ్యాస్, మెయిన్ స్విచ్ కట్టేయండి. మేకల్నీ, కుక్కనీ విప్పేయండి. వాన ఆగిందని ఆ రాత్రే తిరిగి రావద్దు. పైన పడ్డ నీరు లోతుకు దిగడానికి సమయం పడుతుంది, ఆగిన మర్నాడు జారిన చరియలున్నాయి.

7. కదిలిందని తెలిస్తే

గెడ్డలో నీరు ఒక్కసారిగా ఎర్రబడినా, వాన పడుతుండగానే నీరు తగ్గిపోయినా, పైన ఎక్కడో మట్టి జారిందనో, అడ్డం పడిందనో అర్థం. చూద్దామని ఒడ్డుకు వెళ్లకండి. చెట్లు విరిగే చప్పుడు, లారీ వస్తున్నట్టు గుంయ్‌మనే శబ్దం వస్తే సామాన్ల కోసం వెనక్కి చూడొద్దు. గెడ్డ వెంట కిందికి పరుగెత్తితే దాన్ని గెలవలేరు. పక్కకు, ఎత్తుకు ఎక్కాలి. తప్పించుకునే వీలే లేకపోతే కొండకు దూరంగా ఉన్న గదిలో, గట్టి బల్ల కింద ముడుచుకుని తల కాపాడుకోండి. 112కు ఫోన్ చేయండి. జిల్లా కంట్రోల్ రూమ్ 1077.

ఘాట్ రోడ్డులో చిన్న చిన్న రాళ్లు రాలుతుంటే బండి అక్కడ ఆపొద్దు, కొండ కోత కింద అసలే నిలపొద్దు. ముందు చరియ పడి ఉంటే వెనక్కి తిప్పి, పైన చెట్లూ కోతా లేని విశాలమైన చోటికి వెళ్లి అక్కడి నుంచి చెప్పండి.

8. పడ్డాక

మొదటి చరియ పడ్డ చోటే రెండోదీ పడొచ్చు. వయనాడ్‌లో అదే రాత్రి గంటల తేడాతో మళ్లీ వచ్చింది. కాబట్టి సాయానికి వెళ్లేవాళ్లలో ఒకరు మట్టి తీయకుండా పైకే చూస్తూ నిలబడి, కదలిక కనిపిస్తే కేకవేయాలి. జేసీబీతో కింది మట్టి లాగేస్తే పైది దిగుతుంది, పై నుంచి మొదలుపెట్టమని అడగండి.

ఇల్లు నిలబడే ఉన్నా ఇంజినీరు చూసి చెప్పేదాకా లోపలికి వెళ్లొద్దు. మట్టి ఎత్తేయకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, వీఆర్వోను పిలిపించి పంచనామా రాయించుకోండి. చరియలు విరగడం ప్రభుత్వం సాయం అందించే విపత్తుల జాబితాలో ఉంది, ఆ కాగితం లేకపోతే తర్వాత తిరగాల్సి వస్తుంది. భారత్ గృహ రక్ష లాంటి ఇంటి బీమా ఉన్నవాళ్లు కంపెనీకి వెంటనే తెలియజేయండి, అందులో చరియలకు కవరేజి ఉంటుంది. ఫొటోల్లో మేకుల కొలతలు రాసిన గోడ కూడా ఒకటి ఉండేలా చూసుకోండి. కొండ ఎప్పటి నుంచి కదులుతోందో ఇంజినీరుకు చెప్పేది ఆ తేదీలే.